వెనక్కి తిరగమని చెప్పని హెడ్‌సెట్టు గారికి

వీఆర్ హెడ్‌సెట్టు గారూ,

నమస్కారం. కళ్ళకి తగిలించుకుంటే చుట్టూ నాలుగు వైపులా గోదావరి వరద సినిమా చూపించే తమ దర్శనానికి నిన్న మధ్యాహ్నం గంటా ఇరవై నిమిషాలు క్యూలో నిలబడ్డవాణ్ని. గుర్తుండను లెండి. నాకు ముందు పదిహేడు మంది తమ స్పాంజికి చెమట అభిషేకం చేశారు.

"కళ్ళజోడు తీసెయ్యండంకుల్, పట్టదు" అన్నాడు వాలంటీరు కుర్రాడు. తీశాను. వరద మసక మసగ్గా వచ్చింది. కళ్ళు గోదావరి మీద పడవలో, ఒళ్ళు ప్లాస్టిక్ కుర్చీలో. కడుపులో తిప్పింది. అదీ ఓర్చుకున్నాను.

తర్వాత ఓ ఇంటి వసారాలో దింపారు. ఎదురుగా గోడ, దాని మీద నడుమెత్తున బురద చార, గుంజకి కట్టేసిన మేక. ఎవరో మామ్మ మాట్లాడుతోంది. గొంతు రెండు చెవుల్లోనూ ఒకేలా, ఎఫ్ఎం రేడియోలో లాగా. వ్యాఖ్యానం కాబోలనుకున్నాను. "ఇదిగో నాయనా, ఇదే మిగిలింది" అంది. మేకనే అనుకున్నాను! నాలుగు నిమిషాలూ దాన్నే చూశాను.

తీసి చూస్తే పక్క కుర్చీలో అమ్మాయి కళ్ళొత్తుకుంటోంది. "మామ్మ పెట్టె తెరిచినప్పుడు చూశారా అంకుల్?"

ఏ మామ్మ? ఏ పెట్టె? నా వీపు వెనకట!

2012లో అమెరికాలో సన్‌డాన్స్ సినిమా పండగలో నోనీ డి లా పెన్యా అనే జర్నలిస్టు 'హంగర్ ఇన్ లాస్ ఏంజెలెస్' అనే వీఆర్ చిత్రం చూపిస్తే, తిండి పంచే చోట క్యూలో షుగరు పడిపోయి కూలిన మనిషి పక్కన చూసేవాళ్ళు మోకాళ్ళ మీద కూర్చున్నారు. మనుషులు కంప్యూటరు బొమ్మలు, గొంతులు మాత్రం అసలువి. 2015లో న్యూయార్క్ టైమ్స్ పత్రిక, ఫోను పెట్టుకుని వీఆర్ చూసే గూగుల్ వారి అట్ట కళ్ళజోళ్ళు పది లక్షలకు పైగా తన చందాదార్ల ఇళ్ళకి పంపింది. ఆ అట్టల్ని 2021లో గూగుల్ అమ్మడం మానేసింది. నువ్వింకా దిక్కులు చూపడం నేర్చుకోలేదు.

మామ్మ గొంతు వెనక నుంచి వినిపిస్తే మెడ దానంతటదే తిరిగేది కదరా! దింపగానే ఓ పది సెకన్లు ఎవరూ నోరెత్తకపోతే చుట్టూ చూసుకునేవాణ్ని. కనీసం తిరిగే కుర్చీ వెయ్యలేకపోయారా? తోలుబొమ్మలాటకి వెళ్తే తెర ఎటుందో వెతుక్కోనక్కర్లేదే! ఇల్లు మునిగిన మనిషి తన గోడు చెప్పుకుంటుంటే, నా చేత ఆవిడకి వీపు చూపించావు. ఆ పెట్టెలో ఏముందో నాకిప్పటికీ తెలీదు. మళ్ళీ చూస్తానంటే "క్యూలో రండంకుల్" అన్నారు.

మేక మాత్రం భలే ఉంది. తాడు తెంపుకునేలా గుంజుతూ, తల నా ఒళ్ళో పెట్టేంత దగ్గరికొచ్చింది. నిజమనుకుని నిమురుదామని చెయ్యి చాపాను. వెళ్ళి వాలంటీరు పొట్టకి తగిలింది.

ఇట్లు,
గోడను చూసినవాడు