బోధ మారింది, లెక్క తేలలేదు

1994 డిసెంబరులో అమెరికాలోని వరల్డ్‌వైడ్ చర్చ్ ఆఫ్ గాడ్ అధిపతి జోసెఫ్ టకాచ్ తన సంఘస్థుల ముందు సుదీర్ఘ ప్రసంగం చేశారు. శనివారాన్ని విశ్రాంతిదినంగా పాటించడం, పంది మాంసం ముట్టకపోవడం, దశమభాగం, అంటే ఆదాయంలో పదో వంతు, చెల్లించడం పాత నిబంధన నాటి నియమాలనీ, క్రైస్తవులు వాటికి కట్టుబడి ఉండాల్సిన పని లేదనీ ఆ ప్రసంగ సారాంశం. చాలా క్రైస్తవ సంఘాల్లో ఈ మాట ఎవరినీ కదిలించదు. అక్కడ మాత్రం పిడుగు పడినట్టయింది. శనివారం పనికి రామన్నందుకు ఉద్యోగాలు పోగొట్టుకున్నవాళ్లు, క్రిస్మస్ చేసుకోబోమన్నందుకు తల్లిదండ్రులకు దూరమైనవాళ్లు ఎదురుగా కూర్చుని ఉన్నారు.

ఒక మతశాఖ తన పునాది బోధలు తప్పని తానే ప్రకటించడం చాలా అరుదు. బయటి క్రైస్తవ ప్రపంచం దీన్ని హర్షించింది. 1997లో అమెరికా ఇవాంజెలికల్ సంఘాల జాతీయ సమాఖ్య ఆ సంస్థను తనలో చేర్చుకుంది. 2009లో సంస్థ పేరు గ్రేస్ కమ్యూనియన్ ఇంటర్నేషనల్‌గా మారింది. దారి తప్పిన సంఘం దారిలోకి వచ్చిన కథగా దీన్ని చెప్పడం ఆనవాయితీ. అందులో అబద్ధమేమీ లేదు. అయితే ఆ సంఘాన్ని విడిచివచ్చినవారు వెనక్కి తిరిగి చూసినప్పుడు చెప్పే కథ ఇది కాదు. నా దృష్టిలో వారి కథే ఎక్కువ నేర్పుతుంది.

వ్యవస్థాపకుడు హెర్బర్ట్ ఆర్మ్‌స్ట్రాంగ్ 1892లో అయోవా రాష్ట్రంలో పుట్టారు. వృత్తి ప్రకటనల రచన. వ్యాపారాలు దెబ్బతిన్నాక, భార్య ప్రభావంతో శనివార ఆరాధన వైపు తిరిగి, 1934లో ఒరెగాన్ రాష్ట్రంలోని యూజీన్ నుంచి రేడియో ప్రసంగాలు మొదలుపెట్టారు. అదే ఏడాది కొన్ని వందల ప్రతులతో సైక్లోస్టైల్ పత్రికగా పుట్టిన ప్లెయిన్ ట్రూత్ 1980లలో 80 లక్షల ప్రతుల దాకా వెళ్లింది. మన దేశానికీ తపాలాలో వచ్చేది. చందా అడిగేవారు కాదు. శీర్షికతో పాఠకుడిని ఎలా పట్టుకోవాలో, ఏ ప్రశ్న దగ్గర ఆపి వదలాలో ఆయనకు బాగా తెలుసు. నన్ను నమ్మవద్దు, మీ బైబిల్‌ను మీరే తెరిచి చూసుకోండి అని పదేపదే అనేవారు. అమాయకులు మోసపోయారని తేలిగ్గా తీసిపారేసేవారు ఈ సంగతి మరిచిపోతారు. ఆ పత్రిక చదివి చేరినవాళ్లలో చాలామంది బైబిల్‌ను వచనం వచనం పోల్చి చదివినవాళ్లే.

డబ్బు సంగతి చేరాక వచ్చేది. ఒక దశమభాగం కాదు, మూడు. ఆదాయంలో మొదటి పదో వంతు కేంద్ర కార్యాలయానికి. రెండో పదో వంతు కుటుంబమే దాచుకుని, ఏటా శరదృతువులో ఎనిమిది రోజుల పర్ణశాలల పండుగకు ఖర్చు చేయాలి. ఏడేళ్ల చక్రంలో మూడో ఏట, ఆరో ఏట మరో పదో వంతు, వితంతువులకూ అనాథలకూ అంటూ, మళ్లీ కేంద్రానికే. ప్రభుత్వానికి పన్ను కట్టక తప్పదు. పండుగ దినాల కానుకలు వేరు. జీతం మీద బతికే కుటుంబానికి మూడో ఏడు అంటే ఏమిటో, ఆ ఇళ్లలో పెరిగిన పిల్లలు ఇప్పుడు పెద్దవాళ్లై రాస్తున్నారు: బాగు చేయించని పళ్లు, ఎవరో వాడి ఇచ్చిన బట్టలు, బడి తరఫున వెళ్లలేకపోయిన యాత్రలు. అదే కాలంలో కాలిఫోర్నియాలోని పాసడీనాలో సంస్థ కళాశాల ప్రాంగణంలో ఖరీదైన సంగీత మందిరం లేచింది. 1974లో దాన్ని వియన్నా సింఫనీ ఆర్కెస్ట్రా కచేరీతో ప్రారంభించారు.

ఆ పిల్లలు చదువు గురించి కూడా రాస్తారు. 1956లో సంస్థ ఒక చిన్న పుస్తకం వేసింది. 1975 నాటికి ప్రపంచం ఏ గతి పడుతుందో అందులో ఉంది. మ్యాడ్ అనే హాస్య పత్రికకు వికృత ముఖాలు గీసి పేరు తెచ్చుకున్న చిత్రకారుడు బేసిల్ వుల్వర్టన్, స్వయంగా సంఘ సభ్యుడు, దానికి బొమ్మలు వేశారు. కరువు, శవాలు, ఆకాశం నుంచి రాలే వడగళ్లు. పడుకునేముందు పిల్లలు చూసిన బొమ్మలవి. 1972 జనవరిలో సంఘం జోర్డాన్‌లోని పెట్రా శిలానగరానికి పారిపోయి తలదాచుకుంటుందనీ, మూడున్నరేళ్ల మహాశ్రమల తర్వాత క్రీస్తు రాకడ జరుగుతుందనీ చాలామంది నమ్మారు. ఆ నమ్మకంలో ఉన్న యువకుడికి వైద్య విద్య ఎందుకు, ఇల్లు కొనడం ఎందుకు, వృద్ధాప్యానికి దాచుకోవడం ఎందుకు? 1972 వచ్చి వెళ్లింది. ఎప్పుడూ తేదీ ఖరారు చేయలేదని సంస్థ అంది.

చదరంగం తెలిసిన పాఠకులకు ఇక్కడ ఒక పేరు గుర్తొస్తుంది. బాబీ ఫిషర్ పూర్తి సభ్యుడు కాకపోయినా ఈ బోధలను పాటించారు. శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం సూర్యాస్తమయం దాకా బల్ల ముందు కూర్చునేవారు కాదు. 1972లో ఐస్‌లాండ్‌లోని రెక్యావిక్‌లో ప్రపంచ ఛాంపియన్ అయ్యాక సంస్థకు భారీ విరాళం ఇచ్చారు. ఆ తర్వాత జోస్యాలు తప్పడం చూసి తెగతెంపులు చేసుకుని బహిరంగంగానే విమర్శించారు. అంత పదునైన బుర్ర ఎలా నమ్మిందని ఆశ్చర్యపోవడం నాకు అర్థం కాదు. ఎత్తు వెనుక ఎత్తు లెక్కపెట్టే బుద్ధికి, చరిత్ర మొత్తం ఒకే లెక్కలో ఇమిడిందనే మాట ఆకర్షణగానే ఉంటుంది.

వైద్యం విషయం ఇంతకన్నా బరువైనది. జబ్బు చేస్తే పెద్దలను పిలిచి నూనె రాయించుకుని ప్రార్థించాలి. డాక్టరును ఆశ్రయించడం విశ్వాసలోపం. విడాకులు తీసుకుని మళ్లీ పెళ్లి చేసుకున్నవారు సంఘంలో చేరాలంటే, పిల్లలున్నా సరే, ఆ రెండో కాపురం విడిచిపెట్టాలి. 1974లో ఈ రెండో నియమాన్ని సడలించారు. అప్పటికే విడిపోయిన కుటుంబాలకు ఆ సడలింపు ఏం చేయగలదు? ఆర్మ్‌స్ట్రాంగ్ 1977లో తనకన్నా నాలుగు దశాబ్దాలకు పైగా చిన్నదైన మహిళను రెండో పెళ్లి చేసుకుని, 1984లో విడాకులు పొందారు. ఈ రెండు విషయాలనూ పక్కపక్కన పెట్టి చూడటం మాజీ సభ్యులు మానరు. మానాల్సిన అవసరమూ లేదు.

ఇక ఆయన ప్రవచనాలకు మూలస్తంభం: ఇశ్రాయేలులో కనుమరుగైన పది గోత్రాల వారసులు బ్రిటిష్, అమెరికన్ శ్వేతజాతీయులేనన్న సిద్ధాంతం. బ్రిటన్ ఎఫ్రాయిము గోత్రం, అమెరికా మనష్షే గోత్రం. చరిత్ర, భాషాశాస్త్రం, జన్యుశాస్త్రం దీన్ని బలపరచలేదు. జాత్యంతర వివాహాల నిషేధం కూడా ఇందులోనే ఉంది. నల్లజాతివారూ ఆసియావారూ దశమభాగాలు మాత్రం సమానంగా చెల్లించారు.

1986 జనవరిలో ఆర్మ్‌స్ట్రాంగ్ 93 ఏళ్ల వయసులో చనిపోయారు. టకాచ్ వచ్చారు, బోధలు ఒక్కొక్కటిగా మారాయి. నా అభ్యంతరమల్లా ఆ మార్పు జరిగిన తీరు మీదే. మొదట్లో కేంద్రం ఒక మాట చెప్పేది, సభ్యుడు ఒప్పుకోవాలి, లేదా పోవాలి. 1990లలో కేంద్రం దానికి విరుద్ధమైన మాట చెప్పింది. సభ్యుడు ఒప్పుకోవాలి, లేదా పోవాలి. ఓటు లేదు, ఆస్తుల మీద హక్కు లేదు, అధిపతిని ఎన్నుకునే పద్ధతి లేదు. శనివారం నుంచి ఆదివారానికి వచ్చినా మైకు మాత్రం ఒకే చేతిలో ఉంది. పాత బోధలు సరైనవని నమ్మి 1995లో యునైటెడ్ చర్చ్ ఆఫ్ గాడ్ పెట్టుకున్నవారూ, అంతకుముందే ఫిలడెల్ఫియా చర్చ్ ఆఫ్ గాడ్‌గా చీలిపోయినవారూ, అన్నిటినీ వదిలి నాస్తికులైనవారూ సిద్ధాంతంలో ఎక్కడా కలవరు. కానీ ఈ ఒక్క ఫిర్యాదు దగ్గర ముగ్గురి గొంతూ ఒకటే. సిద్ధాంతాలను మాత్రమే తూచే విమర్శకులకు ఇది వినపడదు.

వారి జ్ఞాపకాల్లో చేదు ఒక్కటే ఉందనుకుంటే పొరపాటే. పర్ణశాలల పండుగను చాలామంది ఇప్పటికీ ప్రేమగా తలుచుకుంటారు. ఏడాదంతా పొదుపుగా గడిపిన కుటుంబం, రెండో దశమభాగం పుణ్యమా అని, సముద్రతీరంలోనో కొండ ఊళ్లోనో ఎనిమిది రోజులు హోటల్లో దిగేది. వేలమంది కలిసి పాడేవారు, ఎక్కడెక్కడివారో స్నేహితులయ్యేవారు. ఆ సంతోషాన్ని ఒప్పుకోకుండా ఆ బోధలు ఎందుకు పట్టు సాధించాయో వివరించలేం. బయటికి వచ్చినవారు పోగొట్టుకున్నది ఒక సిద్ధాంతాన్ని మాత్రమే అయితే ఇంత కాలం ఇంతగా రాయరు.

సంస్థ క్షమాపణ అడగలేదని అనలేం. తండ్రి 1995లో మరణించాక అధిపతి అయిన జోసెఫ్ టకాచ్ జూనియర్, మరుసటి ఏడాది అదే ప్లెయిన్ ట్రూత్‌లో సభ్యులనూ మాజీ సభ్యులనూ ఇతర క్రైస్తవులనూ మన్నించమని కోరారు. అలాంటి లేఖ రాయడానికి ధైర్యం కావాలి. ఆ ధైర్యాన్ని నేను తక్కువ చేయను. అయితే క్షమాపణ తప్పుడు బోధ గురించి, గాయపరచిన మాటల గురించి. కట్టిన సొమ్ము, మానేసిన చదువు, ఆలస్యమైన వైద్యం గురించి లెక్క ఎక్కడా చెప్పలేదు.

తెలుగునాట స్వతంత్ర సంఘాలు, స్వస్థత కూటాలు చాలా ఉన్నాయి. వాటి గురించి వాదన వస్తే ఎప్పుడూ బోధ దగ్గరే ఆగుతుంది: శనివారమా ఆదివారమా, త్రిత్వమా ఏకత్వమా. కానుకల లెక్క ఎవరు చూస్తారు, బోధకుడిని ఎవరు ప్రశ్నించవచ్చు, విడిచి వెళ్లినవారితో మాట్లాడవచ్చా అనే ప్రశ్నలు చర్చకే రావు. ఆశ్రమాల విషయంలోనూ ఇదే సంగతి.

ఆర్మ్‌స్ట్రాంగ్ చివరి పెద్ద పుస్తకాన్ని సంస్థ ఉపసంహరించుకుంది. అందులో తప్పులున్నాయి కాబట్టి దాన్ని మళ్లీ అచ్చు కానీయకుండా చూడటం తమ క్రైస్తవ బాధ్యత అని టకాచ్ జూనియర్ రాశారు. 1997లో ఫిలడెల్ఫియా వర్గం దాన్ని సొంతంగా అచ్చు వేస్తే కోర్టుకు వెళ్లారు. 2000లో అప్పీలు న్యాయస్థానం సంస్థ పక్షమే వహించింది. 2003లో రాజీ కుదిరింది. ఆ పుస్తకంతో పాటు మరికొన్ని ఆర్మ్‌స్ట్రాంగ్ రచనల హక్కులను, తాను తప్పులతడక అని తీర్మానించినవాటిని, సంస్థ ఆ వర్గానికే 30 లక్షల డాలర్లకు అమ్మింది. ఆ పుస్తకాల తొలి ముద్రణకు డబ్బు పెట్టింది దశమభాగాలు కట్టినవాళ్లు. అమ్మకం సొమ్ములో వాళ్లకు దక్కింది ఏమీ లేదు.