డ్వాక్రా అక్కలంటే సభలకి జనమా?

సభ ఉందంటే చాలు, గ్రూపులో వాయిస్ మెసేజ్ వచ్చేస్తుంది. "ఒక్కో సంఘం నుంచి ఐదుగురు తప్పనిసరి. రాకపోతే మళ్ళీ లోను టైములో మమ్మల్ని అడగొద్దు." ఏ పార్టీ అధికారంలో ఉన్నా ఆ గొంతులో బెదిరింపు మాత్రం మారదు. ఎండలో గంటల తరబడి కూర్చోబెట్టి, పులిహోర పొట్లం ఇచ్చి, మైకులో మహిళా సాధికారత గురించి చెప్పి పంపిస్తారు. పోయిన కూలి ఎవరిస్తారో ఒక్కరూ చెప్పరు.

అసలు ఈ పొదుపు సంఘాలు ఊపందుకున్నది లోన్లతో కాదండీ. నెల్లూరు జిల్లా దూబగుంటలో తొంభైల మొదట్లో అక్షరాస్యత ఉద్యమం నడిచింది. పొలం పని చేసొచ్చిన ఆడవాళ్ళు రాత్రి బడిలో పలకలు పట్టుకుని కూర్చున్నారు. కూర్చుంటే మాటలొస్తాయి కదా! కూలి డబ్బులు సారాకి పోవడం, తాగొచ్చి కొట్టడం ఇంటింటా ఉన్నదేనని అక్కడే బయటపడింది. రోశమ్మ లాంటివాళ్ళు ముందు నిలబడి ఊళ్ళో సారా అమ్మకం ఆపించారు. అది జిల్లాలు దాటింది. 1993 అక్టోబరులో ప్రభుత్వమే సారా నిషేధించాల్సి వచ్చింది. సారాకి పోయే డబ్బు మిగిలాక, రోజుకో రూపాయి దాచుకుందామనే పొదుపు ఆ నెల్లూరులోనే ఉద్యమంగా సాగింది. అప్పుడు వాళ్ళ వెనక ఏ బ్యాంకు లోను ఉంది?

లోను వద్దని అనడం లేదు. నూటికి మూడు, ఐదు రూపాయల వడ్డీకి బయట అప్పు చేసినవాళ్ళకి తెలుసు, తాకట్టు లేకుండా బ్యాంకు ఇచ్చే డబ్బు విలువేంటో. కానీ ఆ డబ్బు ఇంటికొచ్చాక ఎవరి చేతికి పోతోంది? బండి ఆయనది, కిస్తీ ఈమెది. సంఘం సంఘంలా ఉంటే ఆ మాట పదిమందీ అడుగుతారు. ఇప్పుడు "ఈ నెల కట్టావా లేదా" అని మాత్రమే అడుగుతున్నారు.

ఇది ఎక్కడికి పోతుందో 2010లో చూశాం. మైక్రోఫైనాన్స్ కంపెనీలు వారం కిస్తీలంటూ ఊళ్ళమీద పడ్డాయి. ఒకామె కట్టలేకపోతే తోటి ఆడవాళ్ళనే ఆమె గడప ముందు కూర్చోబెట్టారు. ఆత్మహత్యలు జరిగాక ఆ కంపెనీల వసూళ్ళకి కళ్ళెం వేస్తూ ప్రభుత్వ ఆర్డినెన్సు వచ్చింది. అండగా ఉండాల్సిన పక్కింటామెనే వసూళ్ళకి వాడుకున్నారు, నాకు ఇప్పటికీ మండేది అందుకే.

ఇక మీటింగుల సంగతి. మా తీర్మానాల పుస్తకం తెరిస్తే అన్ని మీటింగులూ జరిగినట్టే ఉంటుంది. చేతిరాత ముత్యాలే, పాపం రాసే అమ్మాయి ఇంట్లో కూర్చుని రాస్తుంది మరి. ఆమెని అని లాభం లేదు, పైనుంచి అడిగేది పుస్తకాలే.

అందుకే మా లీడరక్కకి చెప్పేశాం. ఇకనుంచి పుస్తకం మా దగ్గరే ఉంటుంది, మీటింగు జరిగితేనే రాస్తాం, వంతులవారీగా మేమే రాస్తాం. మొదటి మీటింగులో ఏం మాట్లాడాలో కూడా అనుకున్నాం. పదో తరగతి పరీక్షలు కాకుండానే మా వీధిలో ఒక పిల్లకి సంబంధం చూస్తున్నారు. వాళ్ళమ్మ మా సంఘంలోనే ఉంది. ముందు ఆమెతో మాట్లాడతాం, కిస్తీల లెక్క ఆ తర్వాత.