అక్టోబరులో తడిసిన ఏసీని మార్చిలో కడుగుతున్నాం

కర్నూలులో ఏసీ మెకానిక్‌కు శివరాత్రి దాటితే చేతినిండా పని. ఎండ కాస్త చురుక్కుమనగానే ఫోన్లు మొదలవుతాయి. "ఈరోజు కుదరదు సార్, ఎల్లుండి వస్తా" అంటాడు. ఆ ఎల్లుండి వారం తర్వాత వస్తుంది. జెట్ పంపుతో కడిగి, ఫిల్టర్లు దులిపి, ఐదారు వందలు తీసుకుని పోతాడు. మళ్లీ ఏడాది దాకా ఆ మిషన్ సంగతి ఎవరికీ పట్టదు. అనంతపురంలో, కడపలో ఉన్న మా చుట్టాల ఇళ్లలో కూడా ఇదే లెక్క. ఎండాకాలం కోసం కొన్న వస్తువు కాబట్టి ఎండాకాలం ముందు కడగాలని అందరం అనుకుంటాం.

ఈ లెక్క తప్పని నా వాదన. మన ఊళ్లలో ఏసీ లోపల మురికి పేరుకునేది ఎండాకాలంలో. అది కుళ్లేది మాత్రం వానాకాలంలో.

ఎందుకో చెప్పడానికి చెంబు చాలు. ఏప్రిల్ మధ్యాహ్నం ఫ్రిజ్‌లోంచి చల్లటి నీళ్ల చెంబు తీసి బల్ల మీద పెట్టండి. బయట పెద్దగా చెమ్మ పట్టదు. అదే చెంబు సెప్టెంబరు ముసురులో పెడితే నిమిషంలో నీళ్లు కారి బల్ల తడుస్తుంది. ఏసీ లోపల గాలిని చల్లబరిచే రాగి గొట్టాలు, రేకుల చట్రం, అంటే కాయిల్, కూడా ఆ చెంబులాంటిదే. ఏప్రిల్‌లో మన గాలి 42 డిగ్రీల వేడి మీద ఉన్నప్పుడు అందులో తేమ 15, 20 శాతానికి మించదు. అంత పొడి గాలి నీళ్లు వదలాలంటే పది, పద్నాలుగు డిగ్రీల దాకా చల్లబడాలి. సెప్టెంబరులో 28 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్న రోజున 24 డిగ్రీలకే నీళ్లు వదిలేస్తుంది. అందుకే ఎండాకాలం పొడిగా ఉండే డ్రెయిన్ పైపు వానల్లో గంటకు లీటరు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే కారుస్తుంది.

ఇప్పుడు ఈ రెండు కాలాలనూ కలిపి చూడండి. మార్చి నుంచి జూన్ దాకా మన గాలిలో ఉండేది దుమ్ము. నల్లరేగడి ధూళి, రోడ్డు పనుల మట్టి, నాపరాయి పొడి, అన్నీ ఫిల్టర్ దాటి సన్నగా వెళ్లి కాయిల్ రేకుల మధ్య కూర్చుంటాయి. పొడిగా ఉన్నంత కాలం అది ఉత్త దుమ్మే. జులై దాటాక ఆ దుమ్ము మీద నీళ్లు పడతాయి. దుమ్ము బంక అవుతుంది, బంక మీద బూజు లేస్తుంది. దసరా నాటికి వాతావరణం చల్లబడి రిమోట్ పక్కన పడేస్తాం. కాయిల్ తడిగానే ఉంటుంది. పైగా దుమ్ము పడకూడదని కొందరు ప్లాస్టిక్ కవరు కూడా తొడుగుతారు. తడిసిన బట్టను మూటకట్టి అటకెక్కించినట్టే ఇది. నాలుగైదు నెలల తర్వాత మార్చిలో ఆన్ చేసినప్పుడు వచ్చే ముక్కిన వాసన ఈ మూటదే. కొత్త మోడళ్లలో కొన్ని ఆఫ్ చేశాక కూడా కాసేపు ఫ్యాన్ తిప్పి కాయిల్‌ను ఆరబెడతాయి. పాతవాటికైతే ఆ పని మనమే చేయాలి. సీజన్ చివర ఒకసారి అరగంట ఉత్త ఫ్యాన్ మోడ్‌లో పెట్టాలి. ఖర్చేమీ లేదు, అయినా చేసేవాళ్లను నేను వేళ్ల మీద లెక్కపెట్టగలను.

ఇది మామూలు వానల సంగతి. వరద వస్తే కథ వేరు.

రాయలసీమ అంటే కరువు అనే మాట మన నోళ్లలో ఎంత నానిందంటే, వరదను ఎప్పుడో వచ్చిపోయే చుట్టంగానే చూస్తాం. కానీ కర్నూలు ఉన్నదే తుంగభద్ర, హంద్రీ కలిసే చోట. 2009 అక్టోబరు 2న ఊరికి ఏం జరిగిందో ఇక్కడ ఎవరినడిగినా చెబుతారు. ఆ రోజుల్లో శ్రీశైలం జలాశయానికి 25 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చింది. పాతబస్తీలో కొన్ని చోట్ల మొదటి అంతస్తు కూడా మునిగింది, జనం మిద్దెలెక్కి కూర్చున్నారు. 2021 నవంబరులో చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. 2022 అక్టోబరులో అనంతపురంలో నడిమివంక పొంగి కాలనీలు మునిగాయి. కడపకు బుగ్గవంక భయం ఎప్పుడూ ఉన్నదే. మూడూ అక్టోబరు, నవంబరులోనే వచ్చాయి గమనించండి. మార్చి సర్వీసుకు ఇంకా నాలుగైదు నెలలు ఉన్నప్పుడు.

చెయ్యేరు ఒడ్డున ఇల్లే కొట్టుకుపోయినవాళ్ల ముందు ఏసీ శుభ్రత గురించి మాట్లాడటం సిగ్గుచేటు. అది ఒప్పుకుంటూనే ఈ వ్యాసం రాస్తున్నాను. ఇల్లు నిలబడి, లోపలి సామాను మునిగినవాళ్ల గురించే నా మాటలు. కాలనీలు మునిగినప్పుడు అలాంటి ఇళ్లే ఎక్కువ.

2009లో మా పెదనాన్న వాళ్లది వన్‌టౌన్‌లో ఇల్లు. కిటికీ ఏసీ, నడుము ఎత్తులో ఉండేది. పూర్తిగా మునిగింది. నీళ్లు తీశాక ఒండ్రుమట్టి మోకాలి లోతు ఉంది. వారం రోజులు అందరం పారలు పట్టాం. బియ్యం పారేశాం, పరుపులు పారేశాం, పొలం కాగితాలు తీగల మీద ఆరేశాం. ఏసీని మాత్రం పారేయబుద్ధి కాలేదు. ఒక మెకానిక్ వచ్చి, దాన్ని మిద్దె మీదికి మోయించి, పైపుతో కడిగి, వారం ఎండలో పెట్టి ఆన్ చేశాడు. తిరిగింది! "సూడండి పెద్దాయనా, కొత్తదాని మాదిరి ఉండాది" అన్నాడు. ఇంటిల్లిపాదీ సంబరపడ్డాం. మరుసటి ఎండాకాలమంతా ఆ గదిలో హంద్రీ వాసన. మా పెద్దమ్మ దగ్గు ఆ ఏసీ వల్లేనని నేను నిరూపించలేను. చివరికి దాన్ని స్క్రాపుకు ఇచ్చేటప్పుడు విప్పితే లోపలి థర్మోకోల్ చుట్టూ నల్లటి బురద అచ్చు పోసినట్టు గట్టిపడి ఉంది. ఆ ఎండాకాలమంతా మేం పీల్చిన గాలి దాని మీదుగా వచ్చిందే.

మెకానిక్‌ను తప్పుపట్టను. "తిరుగుతోందా లేదా" అన్నదే మేం అడిగిన ప్రశ్న, ఆయన దానికి జవాబిచ్చాడు. మునిగిన మిషన్ గురించి అడగాల్సిన ప్రశ్న అది కాదు. వరద నీళ్లంటే వాన నీళ్లు కాదు. డ్రైనేజీ, సెప్టిక్ ట్యాంకులు, చచ్చిన జంతువులు, పొలాల మందులు అన్నీ కలిసిన నీళ్లు. రేకు, రాగి గొట్టం లాంటి గట్టివాటి మీద నుంచి ఆ మురికిని కడిగి తీయొచ్చు. స్పాంజి, దూది లాంటి నీళ్లు పీల్చే వస్తువుల్లోంచి, థర్మోకోల్ సందుల్లోంచి తీయలేం. 2005లో కత్రినా తుఫాను న్యూ ఆర్లీన్స్‌ను ముంచాక అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ ఇలాంటి భవనాల ఏసీలకు ఏం చేయాలో సూచనలు ఇచ్చింది. అందులో నాకు నచ్చింది ఒక్కటే. తడిసిన ఇన్సులేషన్‌ను, ఫిల్టర్లను కడగొద్దు, తీసి పారేయమంటుంది. మన స్ప్లిట్ ఏసీలకు ఇదే మాట పనికొస్తుంది. రాగి గొట్టాల మీద ఉండే నల్ల స్పాంజి తొడుగు మునిగితే కోసి పారేసి కొత్తది వేయించాలి. అదేమీ పెద్ద ఖరీదు కాదు. కానీ మన దగ్గర దాని మీద తెల్ల టేపు మళ్లీ చుట్టి వదిలేస్తారు. పైకి కొత్తగా కనిపిస్తుంది, లోపల ఆ నీళ్లే.

తడిసినది 24 నుంచి 48 గంటల్లో ఆరకపోతే బూజు మొదలవుతుందన్నది ప్రపంచమంతా ఒప్పుకున్న లెక్క. కర్నూలు 2009లో ఆరడానికి ఎన్ని రోజులు పట్టిందో గుర్తున్నవాళ్లకు ఆ గడువు మనకు ఎందుకు పనికిరాదో వేరే చెప్పక్కర్లేదు. మన దగ్గర బూజు పట్టిందా లేదా అన్న ఆలోచన అనవసరం. పట్టిందనే అనుకుని మొదలుపెట్టాలి.

కరెంటు సంగతి ఇంకా సూటిగా చెప్పాలి. మునిగిన ఏసీని "ఒకసారి ఆన్ చేసి సూద్దాం" అనడం అన్నిటికంటే చెడ్డ సలహా. బయటి యూనిట్‌లో ఉండే కెపాసిటర్ ప్లగ్ పీకాక కూడా కొంతసేపు కరెంటును పట్టి ఉంచుతుంది. ఇన్వర్టర్ ఏసీల బోర్డులో ఇలాంటివి ఇంకా పెద్దవి ఉంటాయి. బురద తగిలిన బోర్డు ఎండినట్టు కనిపించినా పిన్నుల మధ్య సన్నటి మట్టి పొర ఉండిపోతుంది. ఆన్ చేయగానే అది షార్టయితే, వెయ్యి రూపాయల మరమ్మతుతో పోయేది బోర్డు మొత్తం కాలి ఏడెనిమిది వేలకు ఎక్కుతుంది. అసలు ముందు ఇంటి వైరింగు, ఎర్తింగు చూపించాలి. ఏసీ మెకానిక్ కంటే ఎలక్ట్రీషియన్ ముందు రావాలి.

ఇక బ్లీచింగ్ పౌడర్. వరద తర్వాత మున్సిపాలిటీ వాళ్లు వీధుల్లో చల్లుతారు, మంచిదే. నేల మీద, గోడల మీద దాని పని అది చేస్తుంది. అదే చేత్తో కాయిల్ మీద కూడా పోసేవాళ్లున్నారు. క్లోరిన్ అల్యూమినియం రేకుల్ని, రాగిని తినేస్తుంది. తర్వాత రంధ్రం పడి గ్యాస్ పోతుంది. దాంతోపాటు బాత్రూమ్ కడిగే యాసిడ్ కూడా కలిపితే వచ్చే విషవాయువు మనిషినే పడేస్తుంది. కాయిల్ కడగడానికి దానికంటూ ఉండే క్లీనర్ ద్రావణం, లేదంటే సబ్బు నీళ్లు, తక్కువ ఒత్తిడి. జెట్ పంపు దగ్గరగా పెట్టి కొడితే రేకులు వంగిపోతాయి. "తళతళలాడిపోయింది సార్" అన్న ఏసీ ఆ తర్వాత సరిగా చల్లబడకపోవడానికి ఇది ఒక కారణం.

రెండో కారణం మనకందరికీ తెలిసిందే. "గ్యాస్ అయిపోయింది." గ్యాస్ స్కూటర్‌లో పెట్రోలు కాదు, వాడితే అయిపోవడానికి. మూసిన గొట్టాల్లో తిరిగేదది. తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టు. లీకు వెతక్కుండా నింపేవాడు వచ్చే ఏడాది మళ్లీ నింపడానికి ఇప్పుడే అడ్వాన్సు తీసుకుంటున్నట్టు. పైగా ఇప్పటి ఏసీల్లో ఎక్కువగా ఉండే ఆర్‌32 అనే గ్యాస్‌కు మంటంటుకునే గుణం కొంత ఉంది. బాల్కనీలో బీడీ కాలుస్తూ నింపే పని కాదు.

ఇంతా చెప్పి, ప్రతి ఏటా పెద్ద ప్యాకేజీలు కొనమని నేను అనడం లేదు. అమెరికాలో ఇంటినిండా గాలి గొట్టాలు ఉంటాయి. వాటిని ఏటా శుభ్రం చేయించాలని అక్కడ గట్టి వ్యాపారమే నడుస్తుంది. కానీ అక్కడి పర్యావరణ సంస్థే బూజు కనిపిస్తేనో, ఎలుకలు, పురుగులు చేరితేనో, దుమ్ముతో పూడుకుపోతేనో చేయించమంది తప్ప, అలవాటుగా ఏటా చేయించమనలేదు. మన స్ప్లిట్ ఏసీకి ఆ గొట్టాలే లేవు. కాబట్టి 'యాంటీ బ్యాక్టీరియా ఫాగింగ్' అని రెండు వేలు అడిగితే నమస్కారం పెట్టి పంపండి. కావలసింది రెండే: విప్పి కడగడం, పూర్తిగా ఆరబెట్టడం. గాలిని గదిలోకి తోసే బ్లోయర్ చక్రాన్ని బయటికి తీయకుండా చేసే సర్వీసు సగం సర్వీసే, బూజు ఎక్కువగా దాక్కునేది ఆ చక్రం రెక్కల్లోనే.

ఏసీ కాక ఇంట్లో ఉండే ఇంకో మిషన్ గీజరు. బోరు నీళ్ల సున్నం తప్ప దాని మీద పెద్దగా చెప్పేదేమీ లేదు. మునిగితే అది కూడా ఎలక్ట్రీషియన్ చూశాకే. కూలర్ మాత్రం వదిలేసే వస్తువు కాదు, ఎందుకంటే కూలర్లున్న ఇళ్లు మన దగ్గర తక్కువేమీ కాదు. పొడి గాలిలోనే పనిచేస్తుంది కాబట్టి జులైకి దాన్ని మిద్దె మెట్ల కిందకు నెడతాం, అడుగున రెండు మగ్గుల నీళ్లతో సహా. డెంగీ దోమ ఆ నీళ్ల అంచున తొట్టి గోడకు గుడ్లు పెడుతుంది. నీళ్లు పారబోసినా గుడ్లు గోడకే అంటుకుని నెలల తరబడి ఎండి బతుకుతాయి, మళ్లీ నీళ్లు తగలగానే లేస్తాయి. ఆరోగ్య శాఖ 'ఫ్రైడే డ్రై డే' అని పారబోయమంటుంది. నిజానికి పీచు పెట్టి రుద్దాలి. గడ్డి ప్యాడ్లను కూడా తీసి పారేయాలి, దాచి మళ్లీ వాడటానికి అవేం పట్టుచీరలు కావు.

మార్చి అలవాటు మారాలంటే మెకానిక్ వైపు నుంచి కూడా చూడాలి. ఐటీఐలో రిఫ్రిజిరేషన్ ట్రేడు చేసి వచ్చే కుర్రాళ్లు మన ఊళ్లలో ఉన్నారు. వాళ్లకు నాలుగు నెలలు ఊపిరాడని పని, మిగతా ఎనిమిది నెలలు దాదాపు ఖాళీ. రోజుకు పది ఇళ్లు తిరగాల్సినప్పుడు ఎవరు మాత్రం బ్లోయర్ విప్పుతారు? అదే మనిషిని నవంబరులో పిలిస్తే రెండు గంటలు కూర్చుంటాడు. వరద సాయం లెక్కలు రాసేటప్పుడు బియ్యం, వంటసామాను లెక్కకొస్తాయి. వీధికొక ఎలక్ట్రీషియన్‌ను, ఒక ఐటీఐ కుర్రాడిని పంపి మునిగిన మిషన్లకు 'వాడొచ్చు', 'వాడకూడదు' అని చీటీ అతికించే పని నగరపాలక సంస్థ చేయగలదు. నీళ్లు తీసిన రోజే చేయాలి. వారం ఆగితే జనం ఎలాగూ ఆన్ చేసేసి ఉంటారు.

పోయిన దీపావళి తర్వాత నేను మా ఏసీకి మెకానిక్‌ను పిలిచాను. "పాడైందా అన్నా?" అన్నాడు. లేదు, కడగాలి అన్నాను. అటువైపు కాసేపు మాట లేదు. గంటలో వచ్చాడు. బ్లోయర్ విప్పి బకెట్‌లో ముంచితే నీళ్లు కాఫీ డికాక్షన్ రంగుకు తిరిగాయి. ఏడు నెలల కిందట, మార్చిలో, ఆయనే కడిగిన ఏసీ అది.