కల్నల్‌గారి కుచ్చిళ్ళు

ఎడింబరాలో ఉండే తెలుగువాళ్ళ ఇళ్ళకు ఊరినుంచి పెద్దవాళ్ళు వస్తే కోట చూపిస్తారు, హైలాండ్స్ తిప్పుతారు, చలికి మంచి కోటొకటి కొనిపెట్టి విమానం ఎక్కిస్తారు. మా మామయ్యగారు కోటు వద్దన్నారు. కిల్టు కావాలన్నారు, స్కాట్లాండ్ మగవాళ్ళు నడుముకు కట్టుకునే గళ్ళ కుచ్చిళ్ళ వస్త్రం. అదీ రాయల్ మైల్ పొడవునా దుకాణాల ముందు వేలాడే పాలిస్టర్ సరుకు కాదు. కొలతలిచ్చి కుట్టించుకున్నది, ఎనిమిది గజాల అసలు ఉన్నిది. మా ఆయన స్నేహితుడి పెళ్ళి స్టిర్లింగ్‌లో జరగబోతోందనీ, మగవాళ్ళంతా కిల్టుల్లో వస్తారనీ ఎవరో మామయ్యగారి చెవిన వేశారు.

“అరవై ఏళ్ళుగా పంచె కట్టినవాణ్ణి. కుచ్చిళ్ళు నాకు కొత్తేమిటమ్మా?” అన్నారు. ఏలూరులో కళాశాల పిల్లలకు చరిత్ర చెప్పి పదవీవిరమణ చేసిన మనిషి. ఆయనతో వాదించి నెగ్గినవాళ్ళు మా ఇంట్లో ఒక్క అత్తయ్యే. ఆవిడ ఫోనులో ఎనిమిది గజాలన్న మాట వినగానే, “నా పెళ్ళి పట్టుచీరే ఆరు గజాలు కదండీ!” అని మాత్రం అని ఊరుకున్నారు.

దుకాణంలో, టేపు మెడలో వేసుకున్న ఒక పెద్దావిడ మొట్టమొదట అడిగిన ప్రశ్న: “మీది ఏ వంశం?” ఇక్కడ వంశానికో గళ్ళ నమూనా ఉంటుందట. మామయ్యగారు నిటారుగా నిలబడి, “భారద్వాజస గోత్రం” అన్నారు. నేను నోరు తెరిచేలోపే ఆవిడ నమూనాల పుస్తకంలో ‘బి’ అక్షరం తీసి శ్రద్ధగా వెతకడం మొదలుపెట్టింది. బ్రూస్ ఉన్నాడు, బుకానన్ ఉన్నాడు, భారద్వాజుడు లేడు.

ఫలానా గళ్ళు ఫలానావాళ్ళే కట్టుకోవాలన్న చట్టమేమీ లేదనీ, రాజకుటుంబం తమకోసం ఉంచుకున్న బాల్మోరల్‌ను వదిలేసి మీకు నచ్చింది ఎంచుకోవచ్చనీ ఆవిడ ధైర్యం చెప్పింది. ఆ స్వేచ్ఛే మా కొంప ముంచింది. టార్టన్లనే ఈ గళ్ళ నమూనాలకు ఈ దేశంలో ఒక ప్రభుత్వ రిజిస్టరే ఉంది, 2009 నుంచి నడుస్తోంది. అందులో వేల నమూనాలు. మామయ్యగారు కళ్ళజోడు సర్దుకుని, దుకాణంలో ఉన్న గుడ్డముక్కలన్నిటినీ పరీక్ష పేపర్లు దిద్దినట్టు దిద్దారు. ఒకటి ‘మరీ పెళ్ళికొడుకులా ఉంది’, ఒకటి ‘దుప్పటి’, ఒకటి ‘మన పక్కింటాయన లుంగీ, సందేహం లేదు’. చివరికి నీలం, ఆకుపచ్చ, నలుపు గళ్ళమీద సన్నటి తెల్లగీత, ఎర్రగీత ఉన్న ముక్క దగ్గర ఆగి, దాని పేరు చదివి, కుర్చీలోంచి లేచారు. అది మెకంజీ!

ఇక పాఠం మొదలైంది. స్కాట్లాండ్‌లోని స్టోర్నోవేలో పుట్టిన కల్నల్ కాలిన్ మెకంజీ 1783లో మద్రాసులో దిగి, పల్లెపల్లెకూ మనుషుల్ని పంపి కైఫీయతులు, అంటే ఊళ్ళ చరిత్రలు, రాయించిన మహానుభావుడనీ, ఆయనకు కుడిభుజం మా ఏలూరి కావలి వెంకట బొర్రయ్యేననీ ఆవిడకు వివరించారు. ఆవిడ టేపు పట్టుకుని వింటోంది. 1746 చట్టం సైనికులకు తప్ప స్కాట్లాండ్ మగవాళ్ళెవరికీ కిల్టు లేకుండా చేసిందనీ, 1782లోగాని దాన్ని రద్దు చేయలేదనీ, 1822లో నాలుగో జార్జి రాజు కిల్టు వేసుకుని ఎడింబరాలో దర్బారు తీర్చాకే ఈ వంశానికో గళ్ళ వేలంవెర్రి ముదిరిందనీ, పాపం మెకంజీ దానికి ముందు ఏడాదే పోయారనీ చెప్పుకుపోయారు. అంటే ఆ మెకంజీగారు ఈ గుడ్డ ఒంటిమీద వేసుకుని ఉండే అవకాశం బహుతక్కువని ఆయన మాటల్లోనే తేలింది. నేను పైకి అనలేదు.

గళ్ళు తేలాయిగాని రంగు తేలలేదు. ఒకే మెకంజీని ముదురుగా నేస్తే మోడర్న్, లేతగా నేస్తే ఏన్షియంట్, ఎండకూ వానకూ వెలిసినట్టు నేస్తే వెదర్డ్ అంటారట. చరిత్ర మాస్టారు సహజంగానే ఏన్షియంట్ మీద చెయ్యి వేశారు. అదీ నిన్నమొన్న అద్దిన రంగేనని ఆవిడ చెప్పగానే చెయ్యి వెనక్కి తీసుకున్నారు. వెదర్డ్ సంగతి మరీ అన్యాయమన్నారు: “ఉతక్కుండానే వెలిసిపోయినదానికి కూడా ఇదే ధరా?” బరువు విషయంలో మాత్రం తడుముకోలేదు. గజానికి 11 ఔన్సులు, 13, 16 అని మూడు రకాలు చూపిస్తే, “గుడ్డన్నాక దిట్టంగా ఉండాలి” అని పదహారుకే ఓటు వేశారు. రెండు పన్నాల గుడ్డ కాబట్టి నాలుగు గజాలే ఎనిమిదవుతాయి, మొత్తం కలిపితే రెండు కిలోలకు కాస్త తక్కువ.

పొడవు దగ్గర యుద్ధమే జరిగింది. కిల్టు మోకాలి చిప్ప మధ్యకు రావాలి. మామయ్యగారికి చీలమండలదాకా కావాలి. రెండు పన్నాల గుడ్డను నిలువునా చీల్చి కుడతారనీ, ఆ సగం పన్నా చీలమండలదాకా రాదనీ ఆవిడ మర్యాదగానే చెప్పింది. కింద మడిచి కుట్టరు, మగ్గం మీద వచ్చిన అంచునే ఉంచుతారు అన్నప్పుడు ఆయన కొంత శాంతించారు. “అంచు ఉందిగదా, అయితే సరే.” పొడవు సరిచూడటానికి మోకాళ్ళమీద నిలబడమంటే, “ఐదో తరగతి తరవాత మళ్ళీ ఇదే” అంటూ నిలబడ్డారు. జేబు అడిగారు. జేబుండదు, నడుముకు ముందు వేలాడే స్పోరన్ అనే తోలుసంచి ఉంటుంది అన్నారు. అందులో రక్తపోటు మాత్రలు, చత్వారం అద్దాలు, వక్కపొడి డబ్బీ పడతాయో లేదో అక్కడే పెట్టి చూసుకున్నారు.

అసలు ప్రశ్న అందరూ అలిసిపోయాక వచ్చింది. కిల్టుకు ముందుభాగం చదునుగా ఉంటుంది, కుచ్చిళ్ళన్నీ వెనకే. “వెనక కూడా గళ్ళు ఇలాగే కలిసేలా మడవమంటారా, సైనికుల పద్ధతిలో గీత ప్రకారం మడవమంటారా?” అని ఆవిడ అడిగింది. అప్పటికి మళ్ళీ కైఫీయతుల్లో పడిపోయిన మామయ్యగారికి సైనికులన్న ఒక్క మాటే చెవిన పడింది.

“ఆయన కల్నల్ కదమ్మా. సైనికుల పద్ధతే!”

“ఏ గీత?”

“తెలుపు. శాంతికి చిహ్నం.”

చేత్తో కుట్టే పని కాబట్టి కొన్ని వారాలు పట్టింది. పెళ్ళికి ముందురోజు పెట్టె వచ్చింది. ఎడమవైపు ఒకటి, కుడివైపు రెండు తోలుపట్టీలు బిగించి, మేజోళ్ళు లాగి, హాల్లోకి వచ్చి నిలబడితే నిజంగానే బాగున్నారు. వీడియోలో అత్తయ్య కూడా కాదనలేకపోయారు. “ఏదీ, ఒకసారి వెనక్కి తిరగండి” అన్నారు.

తిరిగారు. నీలం లేదు, ఆకుపచ్చ అంతంతమాత్రం. నడుమునుంచి మోకాళ్ళదాకా ఒక్కో కుచ్చిలి నడిబొడ్డున ఒక్కో తెల్లగీత, నిలువుగా, వరసగా. ముందునుంచి చూస్తే మెకంజీ, వెనకనుంచి చూస్తే జైలు కిటికీ. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆపైన ఏలూరునుంచి స్పష్టంగా వినిపించింది: “వెనకకు గుడ్డ చాల్లేదా ఏమిటండీ? దర్జీ వేరే ముక్క వేశాడా?”

నేను ఒక కుచ్చిలి విప్పదీసి లోపల దాగిన గళ్ళు చూపించాను. గుడ్డ అంతా అక్కడే ఉంది, మడతల్లో. నిలబడితే చారలు, నడిస్తే గళ్ళు. ఆ రహస్యం తెలిశాక మామయ్యగారు పెళ్ళిలో కూర్చుంటే ఒట్టు. చర్చి గుమ్మంనుంచి విందు బల్లదాకా, అక్కణ్ణుంచి వాద్యాలదాకా నడుస్తూనే ఉన్నారు. చివరికి స్ట్రిప్ ద విల్లో అనే గింగిరాల నృత్యంలో ఎవరో పెళ్ళివారమ్మాయి చెయ్యి పట్టుకుని లాగితే, జన్మలో అడుగు కదపని మనిషి గిర్రున తిరిగారు. ఆ తిరుగుడుకు కుచ్చిళ్ళన్నీ విచ్చుకుని, డబ్బుపెట్టి కొన్న గళ్ళన్నీ ఒక్కసారి బయటపడ్డాయి. స్పోరన్‌లోంచి వక్కపొడి కూడా.

ఆయాసపడుతూ గోడవారన నిలబడితే, వెనకనుంచి ఒక ముసలాయన వచ్చి, ఆ మడతలు పరీక్షగా చూసి, “మీరు ఏ రెజిమెంటు?” అని ఎంతో గౌరవంగా అడిగాడు.

మామయ్యగారు కళాశాలలో కొన్నాళ్ళు ఎన్.సి.సి. చూశారు. “ఆంధ్రా బెటాలియన్” అన్నారు, ముఖంలో కండరం కదలకుండా. ముసలాయన సెల్యూట్ చేశాడు. ఈయనా చేశారు.

కుచ్చిళ్ళు విప్పించి మళ్ళీ గళ్ళ ప్రకారం కుట్టిద్దామని మా ఆయన ఆ తరవాత ఎన్నిసార్లు చెప్పినా ఆయన వినిపించుకోలేదు. వచ్చే మే నెలలో కళాశాల పూర్వవిద్యార్థుల సభకు అదే కట్టుకుని వెళతారట, ఏలూరు ఎండలో, 16 ఔన్సుల ఉన్నితో. వేదికమీద తనకు కుర్చీ వేయవద్దనీ, సభకు వీపు కనిపించేలా నల్లబల్ల ఒకటి పెట్టిస్తే చాలనీ నిర్వాహకులకు ఇప్పటికే ఉత్తరం రాసేశారు.