కుక్క ఉన్న ఇంటి వంట

మొన్న ఇక్కడ టెక్సస్‌లో మన తెలుగు సంఘం పెట్టిన కార్తీక వనభోజనాలకు ఎవరేం వండి తెస్తారో రాసే సైనప్ షీటు మీరంతా చూసే ఉంటారు. వంటకం పేరు, ఎంతమందికి సరిపోతుంది, ఉల్లి వెల్లుల్లి పడ్డాయా, జీడిపప్పు ఉందా, ఇవన్నీ ఏటా ఉండే గడులే. ఈసారి కొత్తగా ఇంకోటి చేరింది: ‘ఇంట్లో పెంపుడు జంతువులున్నాయా?’ ఉన్నాయని రాశాను. ఎందుకడిగారో పార్కుకు వెళ్ళాక తెలిసింది. కుండీలోని ఉసిరి మొక్కకు పూజ అయింది, పెద్ద బల్లల మీద వంటలన్నీ సర్దారు. నా పులిహోర ట్రే మాత్రం నీళ్ళ క్యాన్ల పక్కన విడిగా వేసిన చిన్న బల్ల మీదికి వెళ్ళింది. దానికి తోడు ఇంకో ముగ్గురి వంటలు. ఇదేమిటని అడిగితే, ‘పెద్దవాళ్ళు ఉపవాసాల్లో ఉన్నారు కదమ్మా, పట్టింపు’ అన్నారు. వంటలు చూసుకునే అక్కయ్యను నేనేమీ అనను. ఎవరో అడిగారు, ఆవిడ సర్దింది. కానీ మూతైనా తీయని ట్రేను తిరిగి కారులో పెట్టుకుంటుంటే కడుపులో దేవినట్టయింది.

నిజానికి ఆ రోజు మా ఇంట్లో ఉన్నది మా కుక్క కాదు. దిక్కులేని జంతువులకు ఆశ్రయమిచ్చే షెల్టరు నుంచి వచ్చిన కుక్క, పేరు రోజీ. దాన్ని మేం ఫాస్టర్ చేస్తున్నాం. అంటే దత్తత తీసుకునేవాళ్ళు దొరికేదాకా ఇంట్లో పెట్టుకుని చూసుకోవడం. మందులు, డాక్టరు ఖర్చు షెల్టరుదే, చాలాచోట్ల తిండి కూడా వాళ్ళే ఇస్తారు. మనం ఇవ్వాల్సింది కాస్త చోటు, వేళకు తిండి, నాలుగు మంచి మాటలు.

రోజీని ఎవరో అపార్ట్‌మెంటు ఖాళీ చేస్తూ బాల్కనీలోనే వదిలేసి పోయారట. పళ్ళు చూసి నాలుగేళ్ళుంటాయన్నారు. రక్తపరీక్షలో హార్ట్‌వర్మ్ ఉందని తేలింది. దోమకాటుతో వచ్చే జబ్బు ఇది. గుండెలో, ఊపిరితిత్తుల రక్తనాళాల్లో సేమ్యా పోగుల్లాంటి పురుగులు పెరుగుతాయి. కుక్కను ముట్టుకుంటే మనకు అంటదు, పక్కనున్న కుక్కకూ అంటదు. వైద్యం మాత్రం చాలా కష్టం. ముందు నెలరోజులు యాంటీబయాటిక్ మాత్రలు. ఆ తర్వాత నడుము కండలోకి లోతుగా ఒక ఇంజెక్షన్. మరో నెలకు ఇంకో రెండు, ఒకటి ఇవాళ, ఒకటి రేపు. చచ్చిన పురుగులు ముక్కలై ఊపిరితిత్తుల్లో అడ్డం పడితే ప్రాణానికే ముప్పు. కాబట్టి పరుగులు, గంతులు, మెట్లెక్కడాలు నెలల తరబడి బంద్. చుట్టూ పదుల కుక్కలు రాత్రింబవళ్ళు మొరిగే షెల్టరులో ఏ కుక్కయినా అలా కుదురుగా ఎలా పడుకుంటుంది? ఇలాంటివాటికి ఇల్లే ఆస్పత్రి.

మా అత్తయ్యగారు అప్పటికే పాలకొల్లు నుంచి వచ్చి మా దగ్గరే ఉన్నారు. కుక్క వస్తోందనగానే ‘నా టికెట్టు ముందుకు జరపండి’ అన్నారు. ఆవిడ మడి సంగతి తెలిసినవాళ్ళు మీలోనే చాలామంది ఉన్నారు. మెల్లగా అందరం కూర్చుని ఒక ఏర్పాటు చేసుకున్నాం. పూజ గది మేడ మీద, రోజీ కింద. వంటింటి గుమ్మానికి చిన్నపిల్లల గేటు. ఆవిడ స్నానం, పూజ, నైవేద్యం, భోజనం అయ్యాకే కిందికి రావడం.

రోజీ వచ్చిన కొత్తలో బట్టలుతికే గదిలో డ్రయ్యరు వెనక దూరి బయటికి వచ్చేదే కాదు. నీళ్ళు కూడా మేం పడుకున్నాకే తాగేది. అత్తయ్యగారు ఆ గుమ్మానికెదురుగా కుర్చీ వేసుకుని, దానివైపు చూడకుండా, ఒళ్ళో పళ్ళెం పెట్టుకుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ కూర్చునేవారు. ఒకనాటి మధ్యాహ్నం అది పాకుతూ వచ్చి ఆవిడ పాదం మీద తల పెట్టింది. ‘ఛీ ఛీ, లే’ అని పాదం లాక్కున్నారు. కాసేపయ్యాక, నేను చూడటం లేదనుకుని, ఆ పాదాన్ని మళ్ళీ అక్కడే పెట్టారు. తర్వాత లేచి వెళ్ళి తలస్నానం చేసి వచ్చారు. మర్నాడు మళ్ళీ అదే కుర్చీ.

కుక్కలకు ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, కిస్‌మిస్ పడవు, ప్రాణం మీదికే వస్తుంది. షెల్టరువాళ్ళు ఇచ్చిన ఆ జాబితాను అత్తయ్యగారు తెలుగులో రాయించుకుని ఫ్రిజ్ తలుపుకు అంటించారు. పప్పన్నం, చారన్నం వద్దని, ఉప్పు వేయని పెరుగన్నం ఒక్క ముద్ద చాలని మా పిల్లలకు చెప్పింది ఆవిడే. ఇంజెక్షన్ వేయించి తెచ్చిన రాత్రి నొప్పితో మూలుగుతుంటే ‘కదలకే తల్లీ, డాక్టరు కదలొద్దన్నాడు’ అంటూ బోను పక్కనే కూర్చున్నారు. మడి ఎక్కడా తప్పలేదు. ఆ నియమాలు పాటిస్తూనే ఒక ప్రాణిని నిలబెట్టారు.

మనవాళ్ళకు కుక్కలంటే అసహ్యం అని ఇక్కడ పుట్టిన పిల్లలు అంటుంటే నాకు ఒప్పుకోబుద్ధి కాదు. పాలకొల్లు ఇంట్లో రాత్రి అందరి భోజనాలూ అయ్యాక గిన్నె అడుగున మిగిలిన అన్నంలో మజ్జిగ కలిపి పెరటి గోడ పక్కన రాయి మీద పెట్టేవారు. ఆ ముద్ద వీధి కుక్కది. దాన్ని ముట్టుకుని లోపలికొచ్చిన పిల్లాడి నెత్తిన బిందెడు నీళ్ళు గుమ్మరించడమూ ఆ ఇంట్లోనే. అలాగని అంతా దయే అని కూడా అనను. దీపావళికి కుక్క తోకకు టపాకాయలు కట్టిన చేతులు, పడుకున్నదాని మీద రాయి విసిరిన చేతులు కూడా మనవే.

భయమంటారా, అది నాకు అర్థమవుతుంది. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ళ బాబును వీధి కుక్కలు చంపేసిన వీడియో చూశాక నాకు నిద్ర పట్టలేదు. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఢిల్లీ వీధి కుక్కలన్నిటినీ షెల్టర్లకు తరలించమని ఒకసారి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, టీకా వేసి ఎక్కడివి అక్కడ వదలమని, రేబిస్ ఉన్నవాటిని, కరిచేవాటిని మాత్రం వదలొద్దని పది రోజులు దాటాక ఇంకోసారి చెప్పాల్సి వచ్చిందంటే సమస్య ఎంత చిక్కుముడో తెలుస్తుంది. బిడ్డను పోగొట్టుకున్న తల్లికి నేను ఇక్కడ కూర్చుని నీతులు చెప్పను. కానీ ఆ భయాన్ని యథాతథంగా ఇక్కడికి మోసుకురావడం సబబు కాదు. కుక్కల నుంచి కుక్కలకు పాకే రేబిస్ రకం అమెరికాలో లేదని ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2007లోనే ప్రకటించింది. గబ్బిలాలు, స్కంకులు (దుర్వాసన చిమ్మే చిన్న అడవి జంతువులు) ద్వారా వచ్చేది ఉంది కాబట్టే టెక్సస్‌లో 16 వారాల వయసు వచ్చేలోపు ప్రతి కుక్కకూ టీకా వేయించాలని చట్టం.

ఇక్కడి కష్టం వేరు. చోటు లేకపోవడం. 2024లో ఈ దేశంలో షెల్టర్లకు చేరిన కుక్కలు, పిల్లులు సుమారు 58 లక్షలు. అందులో దాదాపు 6 లక్షల ప్రాణాలను షెల్టర్లలోనే ఇంజెక్షన్ ఇచ్చి తీసేశారు. అలా ఎక్కువగా పోయే రాష్ట్రాల్లో మన టెక్సస్ ముందు వరసలో ఉంటోంది. ఆ పోయినవాటిలో వైద్యం చేస్తే బతికేవి ఎన్నో ఉంటాయి. ఒక కుక్క మన ఇంటికొస్తే అక్కడ ఒక బోను ఖాళీ అవుతుంది, రేపు వచ్చే ఇంకోదానికి దొరుకుతుంది.

అందరూ చేయగలరని నేననను. ఆస్తమా ఉన్న పిల్లలుంటే వద్దు. పెద్దవాళ్ళు నిజంగా వణికిపోతుంటే బలవంతం చేయొద్దు. కొన్ని అపార్ట్‌మెంట్లు కుక్క జాతుల పేర్లు పెట్టి మరీ కాదంటాయి, లీజు చదువుకోవాలి. కానీ వీసా గొడవలు, ఏడాదికోసారి ఇండియా ప్రయాణాలు ఉన్న మనకు కుక్కను పదేళ్ళు పెంచడం కంటే కొన్ని వారాలు చూసుకోవడమే నయం కాదా? ముచ్చటపడి వేల డాలర్లు పోసి కొనుక్కుని, ఇండియా వెళ్ళేముందు వాట్సాప్ గ్రూపుల్లో ‘ఎవరికైనా కావాలా’ అని పెట్టడం చూసినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది.

ఇచ్చేస్తే బాధ కాదా అని అందరూ అడుగుతారు. బాధే. రోజీని రిటైరైన దంపతులు తీసుకెళ్ళిన రోజు అత్తయ్యగారు భోజనానికి రాలేదు. అయినా సరే, ఆ వారంలోనే ‘ఇంకోటి ఎప్పుడొస్తుంది’ అని అడిగారు.

సంఘం పెద్దలకు నా విన్నపం. మడి పాటించేవాళ్ళ కోసం విడిగా వంట చేయిద్దాం, ఆ వంటకు నేనే నిలబడతాను. ఇళ్ళను మాత్రం రెండు బల్లలుగా విడదీయకండి, ఆ గడి తీసేయండి. మన సేవా కార్యక్రమాల్లో రక్తదానం, ఫుడ్ బ్యాంకు పక్కన ఫాస్టరింగ్ కూడా చేర్చండి. ఉగాదికి హాలు బయట వరండాలో ఒక బల్ల ఇస్తే చాలు. కుక్కల్ని తీసుకురాం. ఫొటోలు, ఫారాలు పెట్టుకుని వచ్చినవాళ్ళకు వివరంగా చెబుతాం. కొన్ని షెల్టర్లు ఒక్క పూట బయట తిప్పి తీసుకురావడానికి కూడా కుక్కను ఇస్తాయి. వాలంటీర్ గంటల కోసం వెతుక్కునే హైస్కూలు పిల్లలున్న ఇళ్ళు అక్కడి నుంచి మొదలుపెట్టొచ్చు. ఆ అవకాశం ఎక్కడెక్కడ ఉందో, తల్లిదండ్రులు వెంట ఉండాల్సిన వయసు ఎంతో నేను కనుక్కుని చెబుతాను. నా నంబరు సంఘం కార్యదర్శి దగ్గర ఉంది. సాయంత్రం 6 తర్వాత ఎప్పుడైనా చేయండి.