ఆఫీసు చాట్‌లోని ఆకుపచ్చ చుక్క గారికి

మహారాజశ్రీ చుక్క గారికి,

ఉభయకుశలోపరి అని రాయబోయి ఆగాను. కుశలం మీ ఒక్కరిదే. నా ఫొటో పక్కన ఆవగింజంత ఉండి, నేను సీట్లో ఉన్నానో లేదో అందరికీ చాటుతుంటారు. నాలుగు నిమిషాలు లేచి వెళితే చాలు, పసుపు రంగుకి తిరిగి చాడీ చెప్పేస్తారు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో మీతో నాకు పనే ఉండేది కాదు. స్నానం చేస్తుంటే కోడ్‌లో తప్పెక్కడుందో తట్టేది. తల తుడుచుకుంటూ వచ్చి, దొరికిన కాగితం మీద రాసుకునేవాణ్ణి. ఎవరూ అడగలేదు, ఆ పది నిమిషాలకి జీతమూ లేదు. అప్పుడు పని దానంతటదే ఇంటికి వెంట వచ్చేది, నాకూ సరదాగానే ఉండేది.

తర్వాత ఆఫీసే ఇంటికి రావడం మొదలుపెట్టింది. రాత్రి తొమ్మిదిన్నరకి "ఒక్క చిన్న విషయం" అని మెసేజ్. వెంటనే ఇంకోటి: "ఇంకా ఆన్‌లైన్‌లోనే ఉన్నట్టున్నావు!" సాక్ష్యం చెప్పింది ఎవరో వేరే చెప్పాలా?

పాత రోజులే నయమేమో. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1919లో చేసిన మొట్టమొదటి ఒప్పందమే రోజుకి 8 గంటలు, వారానికి 48 గంటల పని గురించి. అప్పట్లో ఫ్యాక్టరీ సైరన్ మోగితే పని అయిపోయినట్టు. మీకు సైరన్ లేదు. ఆస్ట్రేలియాలో 2024 ఆగస్టు నుంచి, పనివేళలు దాటాక వచ్చిన మెసేజ్‌కి, మరీ అసమంజసం అయితే తప్ప, జవాబివ్వకుండా ఉండే హక్కు ఉందట. అక్కడ మీ గౌరవం కాస్త తగ్గి ఉంటుంది, ఓదార్చడానికి నా దగ్గర మాటల్లేవు.

మా కంపెనీకీ మా మీద ప్రేమ లేకపోలేదు. వర్క్-లైఫ్ బ్యాలెన్స్ మీద క్లాసు పెట్టారు. శనివారం సాయంత్రం. హాజరు తీసుకుంది మీరే.

ఇక అసలు సంగతి. మా కంపెనీవాళ్లు పదేళ్ల సర్వీసుకి నాకొక వాచీ ఇచ్చారు, వెనక "అంకితభావానికి గుర్తుగా" అని చెక్కించి మరీ. దాన్ని టేబుల్ మీద వెల్లకిలా పెట్టి, పైన మౌస్ బోర్లించి చూడండి. మౌస్ కింద లైటు వెలుతురులో సెకన్ల ముల్లు తిరుగుతుంటుంది. ఆ కదలికకి తెర మీద బాణం గుర్తు సన్నగా వణుకుతుంది. మీరు పచ్చగా ఉండిపోతారు. నేను పక్క గదిలో పడుకుని ఉంటాను. నా అంకితభావం ఇప్పుడు పూర్తిగా ఆ ముల్లు చేతిలోనే ఉంది. నాకన్నా నిక్కచ్చిగా పని చేస్తోంది.

సిగ్గు లేదా అంటారేమో. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో బర్నవుట్‌కి మూడు లక్షణాలు చెప్పింది: ఒంట్లో సత్తువ లేకపోవడం, ఉద్యోగం మీద మనసు విరగడం లేదా వెటకారం పుట్టడం, చేసే పని సరిగా సాగకపోవడం. మీరు ఈ ఉత్తరం చదువుతున్నారు కాబట్టి రెండోదానికి వేరే పరీక్ష అక్కర్లేదు. ఇది జబ్బు కాదు, పనిచోట పుట్టే పరిస్థితి అని కూడా వాళ్లే రాశారు. అంటే సెలవు అడగడానికీ పనికిరాదు.

చైనాలో ట్రిప్ డాట్ కామ్ కంపెనీ 1,600 మందికి పైగా ఉద్యోగులతో ఒక ప్రయోగం చేసింది. కొందరిని వారానికి రెండు రోజులు ఇంటి నుంచి పని చేయనిచ్చింది. వాళ్లలో రాజీనామాలు మూడో వంతు తగ్గాయి, పనితీరుకి ఏ లోటూ రాలేదు. ఫలితాలు 2024లో నేచర్ పత్రికలో వచ్చాయి. నాకు నచ్చిన ముక్క వేరే ఉంది: పని పడిపోతుందని మొదట అనుమానించిన మేనేజర్లే చివరికి అభిప్రాయం మార్చుకున్నారు. మనిషి కళ్లెదుట లేకపోయినా పని జరుగుతుందన్నమాట. ఈ సంగతి మా మేనేజర్ చెవిన పడకుండా చూసుకోండి, మీ ఉద్యోగానికే ముప్పు.

ఇప్పటికీ స్నానంలో ఏవో తడుతూనే ఉంటాయి, రాసుకోను. పోయిన నెల ఒక ఆదివారం, బిల్లుల లెక్కలో ఒకచోట పన్ను రెండుసార్లు పడుతోందని తట్టింది. సోమవారం మీటింగులో ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. మధ్యాహ్నం మూడింటికి ఒక కస్టమర్ ఫోన్ చేసి అరిచాక గానీ నోరు విప్పలేదు. పాత నేనైతే ఆదివారమే తడి చేతులతో ఫోన్ తీసేవాణ్ణి. పొద్దున్నుంచి ఆ మూడింటి దాకా మీరు ఒక్కసారి కూడా పసుపు కాలేదు. నెలాఖరు రిపోర్టులో నాకు మంచి మార్కులే పడ్డాయి.

చివరగా ఒక మనవి. వాచీలో బ్యాటరీ అయిపోవచ్చినట్టుంది. ముల్లు ముందుకి కదలక ఉన్నచోటే కొట్టుకుంటోంది. నిన్న మీరు రెండుసార్లు పసుపయ్యారు. కొత్త బ్యాటరీ వేయించేదాకా కాస్త చూసీ చూడనట్టు పోగలరు.

ఇట్లు,
అందుబాటులో ఉన్నట్టు కనిపిస్తున్నవాడు