ఆ పెయింటింగ్‌లు ఎవరివో కాగితాలు చెబుతున్నాయి

కొన్ని రోజులుగా ఒక మాట ఫోన్ నుంచి ఫోన్‌కు తిరుగుతోంది. మా బంధువుల్లో ముగ్గురు నాకే పంపారు. దాని సారాంశం ఇది: "రెండో ప్రపంచ యుద్ధంలో పోయాయంటూ డబ్బున్న యూదు కుటుంబాలు 70 ఏళ్ల తర్వాత వచ్చి మ్యూజియంల నుంచి కోట్ల విలువ చేసే పెయింటింగ్‌లు పట్టుకుపోతున్నాయి. రుజువులు లేవు, తాతల జ్ఞాపకాలే ఆధారం. వాళ్లు వదిలేసి పారిపోయిన సొత్తు అది. డబ్బు పోసి కొన్నవాళ్ల దగ్గర లాక్కోవడం అన్యాయం. గడువు ఎప్పుడో దాటింది. ఇదంతా డబ్బాశే." ఉదాహరణగా పారిస్‌లో చిత్రాలు కొని అమ్మే డీలర్ పాల్ రోజెన్‌బర్గ్ కుటుంబాన్ని చూపిస్తున్నారు.

ఈ కుటుంబం సంగతి నేను చాలా ఏళ్లుగా చదువుతున్నాను. అందుకే ఊరుకోలేకపోతున్నాను.

ముందు ఆయనెవరో చెప్పాలి. పారిస్‌లో లా బోయెసీ వీధి, 21వ నంబరు ఇంట్లో ఆయన గ్యాలరీ. 1918 నుంచి పికాసో ఆయనకే తన చిత్రాలు ముందు చూపించేవాడు, పక్కనే 23వ నంబరులో కాపురం పెట్టాడు. ఉత్తరాల్లో ఒకరు 'పిక్', ఒకరు 'రోసి'. తర్వాత బ్రాక్, లెజే, మతీస్ అనే చిత్రకారులు కూడా ఆయన దగ్గరికే వచ్చారు. వాన్ గో గీసిన నక్షత్రాల రాత్రి చిత్రం మనందరికీ తెలుసు కదా, అది న్యూయార్క్ మోమా మ్యూజియానికి 1941లో చేరింది ఈయన ద్వారానే.

"రుజువులు లేవు" అన్నది అన్నిటికంటే పెద్ద అబద్ధం. మా తాతగారిది బట్టల కొట్టు. చిట్టా, ఆవర్జా రాయకుండా రాత్రి అన్నానికి కూర్చునేవారు కాదు. పెద్ద డీలర్ కూడా అంతే, చేతికొచ్చిన ప్రతి చిత్రానికీ లెక్క ఉండాలి. రోజెన్‌బర్గ్ స్టాకు వివరాలు రాయించేవాడు, ఫోటోలు తీయించేవాడు. ఆ రోజుల్లో ఫోటో నెగటివ్ అంటే గాజు పలక. నలుపు తెలుపుల్లో మతీస్ రంగులు కనబడవు నిజమే, కానీ కుర్చీలో కూర్చున్న మనిషి, మెడలో ముత్యాలు, ఒళ్లో విసనకర్ర, గుడ్డ మీద పూలు ఎక్కడ విరిశాయో అన్నీ కనబడతాయి. చేత్తో వేసిన చిత్రం ఏ రెండూ ఒక్కలా ఉండవు. కొలతలు, ఫోటో, స్టాకు వివరాలు మూడూ కలిస్తే ఇక అది జ్ఞాపకం కాదు, దస్తావేజు.

ఆ విసనకర్ర ఆవిడే మతీస్ 'కూర్చున్న స్త్రీ'. 2012లో మ్యూనిక్‌లో కార్నీలియస్ గుర్లిట్ అనే ముసలాయన ఫ్లాట్‌లో వెయ్యికి పైగా కళాఖండాలు దొరికాయి. ఆయన తండ్రి హిల్డెబ్రాండ్ నాజీల కాలపు డీలర్. ఆ గుట్టలో ఈ చిత్రమూ ఉంది. జర్మనీలో నియమించిన నిపుణుల బృందం కాగితాలు పరిశీలించి, ఇది రోజెన్‌బర్గ్ దగ్గర దోచుకున్నదేనని 2014లో తేల్చింది. 2015 మేలో కుటుంబానికి అప్పగించారు. ఇక్కడ ఏ మ్యూజియం మెడ మీదా ఎవరూ కత్తి పెట్టలేదు.

"సొంత పుస్తకాల్లో ఏమైనా రాసుకోవచ్చు కదా" అని ఒకరు నన్ను అడిగారు. మంచి ప్రశ్నే. జవాబు దోచుకున్నవాళ్ల దగ్గరే ఉంది. నాజీల దోపిడీ విభాగం తాను పట్టుకొచ్చినవాటికి తానే జాబితాలు, కార్డులు తయారుచేసింది, ఫోటోలు తీసింది. (ఆ విభాగానికి ఆల్ఫ్రెడ్ రోజెన్‌బర్గ్ అనే నాజీ నాయకుడి పేరు. ఇంటిపేరు ఒకటే, బంధుత్వం ఏమీ లేదు. చాలామంది ఇక్కడ పొరబడతారు.) ఆ సొత్తంతా చేర్చిన జు ద పోమ్ మ్యూజియంలో రోజ్ వలాన్ అనే ఫ్రెంచి ఉద్యోగిని, ఏ పెట్టె ఎక్కడికి పోతోందో ప్రాణాలకు తెగించి రహస్యంగా రాసిపెట్టింది. యజమాని లెక్క, దొంగ లెక్క, సాక్షి లెక్క మూడూ ఒకే మాట చెబుతుంటే ఇంకేం రుజువు కావాలి? పైగా ఆ కుటుంబం డీలర్ కాగితాలను దాచుకోలేదు. 2007లో మోమాకు ఇచ్చేసింది. పరిశోధకులు చూసుకోవచ్చు.

"వదిలేసి పారిపోయాడు" అన్న మాట దగ్గర నాకు నిజంగా బాధేసింది. ఏది వదిలేశాడు? యుద్ధం ముంచుకొస్తుంటే బోర్డో దగ్గర ఫ్లువారాక్‌లో ఇల్లు తీసుకుని చిత్రాలు అక్కడికి చేర్చాడు. మరో 162 చిత్రాలను లిబూర్న్ ఊళ్లో బ్యాంకు లాకర్‌లో పెట్టాడు. లాకర్‌లో పెట్టి తాళం వేసుకోవడం వదిలేయడమా? 1940 జూన్‌లో జర్మన్ సైన్యం వచ్చిపడింది. యూదుడు కాబట్టి ఉంటే ప్రాణం దక్కదు. కుటుంబంతో స్పెయిన్, పోర్చుగల్ మీదుగా న్యూయార్క్ చేరాడు. ఆ ఎండాకాలం దేశం దాటినవాళ్ల పౌరసత్వం రద్దు చేసి ఆస్తులు జప్తు చేసేలా, జర్మనీకి లొంగిన ఫ్రాన్స్‌లోని విషీ ప్రభుత్వం చట్టం తెచ్చింది. 1941లో నాజీలు లాకర్ తెరిపించి అన్నీ ఎత్తుకుపోయారు. అదే ఏడాది మే నెలలో, పికాసో చిత్రాలు వేలాడిన ఆ 21వ నంబరు ఇంట్లోనే యూదు వ్యతిరేక ప్రచారానికి ఒక సంస్థ తెరిచారు.

ఇంకో దృశ్యం చెప్పకుండా ఉండలేను. 1944 ఆగస్టు, పారిస్ విముక్తమైన రోజులు. 148 పెట్టెల కళాఖండాలతో జర్మనీకి బయల్దేరిన రైలును, రోజ్ వలాన్ ఇచ్చిన కబురుతో రైల్వేవాళ్లు ఏదో ఒక వంకతో శివార్లలోనే ఆపుతూ వచ్చారు. ఓల్నే దగ్గర ఆ రైలును స్వాధీనం చేసుకోవడానికి వెళ్లిన ఫ్రెంచి సైనికుల అధికారి ఎవరో తెలుసా? పాల్ కొడుకు అలెగ్జాండర్. పెట్టెలు తెరిస్తే లోపల తన తండ్రి చిత్రాలు ఉన్నాయి. ఆయన వాటిని చివరిసారి చూసింది సొంత ఇంటి గోడల మీద.

ఇక డబ్బిచ్చి కొన్నవాళ్ల సంగతి. ఇందులో కొంత న్యాయం ఉంది, కాదనను. నార్వేలో హెనీ ఓన్‌స్టాడ్ మ్యూజియంలో ఉన్న మతీస్ చిత్రం 'నీలి దుస్తుల స్త్రీ'ని ఆ మ్యూజియం స్థాపకుడు 1950 ప్రాంతంలో పారిస్‌లో మామూలుగానే కొన్నాడు. అదీ లిబూర్న్ లాకర్ నుంచి పోయినదే. మ్యూజియం విచారించుకుని 2014లో తిరిగి ఇచ్చింది. కానీ ఆలోచించండి, మన ఊళ్లో ఎకరం పొలం కొనేవాడు ఈసీ తీయించకుండా అడ్వాన్స్ ఇస్తాడా? కబ్జా పొలం కొన్నవాడు తెలియక కొన్నానంటే జాలిపడతాం, పట్టా మాత్రం మార్చం. కొన్నవాడు అమ్మినవాణ్ణి పట్టుకోవాలి. సియాటిల్ మ్యూజియం అదే చేసింది. మతీస్ చిత్రం ఒకటి 1999లో రోజెన్‌బర్గ్ కుటుంబానికి ఇచ్చేసింది, గతంలో దాన్ని అమ్మిన గ్యాలరీ మీద దావా కూడా వేసింది. స్విట్జర్లాండ్‌లో అయితే ఈ చిక్కును 1948లోనే విప్పారు. దోపిడీ తర్వాత ఆ దేశానికి చేరిన చిత్రాలు రోజెన్‌బర్గ్‌కు ఇవ్వాలని అక్కడి అత్యున్నత న్యాయస్థానం తీర్పిచ్చింది. తెలియక కొన్నవాళ్లకు కొంత పరిహారమూ దక్కింది.

ఆ 1948 చూశారు కదా, గడువు వాదన అక్కడే పోయింది. 1943 జనవరిలోనే మిత్రదేశాలు లండన్ నుంచి ప్రకటించాయి, ఆక్రమిత దేశాల్లో జరిగిన ఆస్తి బదిలీలను చెల్లవని ప్రకటించే హక్కు తమకుందని. రోజెన్‌బర్గ్ 1945లోనే స్విట్జర్లాండ్ వెళ్లి డీలర్ల గుమ్మాలెక్కాడు. అడగకుండా కూర్చున్నదెవరు?

డబ్బాశ అంటారా, చిత్రాలు అమ్మడం ఆయన వృత్తి. స్విస్ పారిశ్రామికవేత్త బ్యూర్లె నుంచి తిరిగి వచ్చినవాటిలో కొన్నిటిని మళ్లీ అదే బ్యూర్లెకు అమ్మాడు. సొంత సరుకును సొంతదారు అమ్ముకోవడంలో తప్పేముంది? పోయిన 400 దాకా కళాఖండాల్లో ఇంకా 60 దాకా దొరకలేదని చెబుతారు.

చివరగా "యూరప్ గోల మనకెందుకు" అన్నవాళ్లకు ఒక మాట. ప్రకాశం జిల్లా చందవరం బౌద్ధ స్తూపానికి చెందిన మూడో శతాబ్దపు సున్నపురాయి శిల్పాన్ని ఆస్ట్రేలియా జాతీయ గ్యాలరీ 2005లో న్యూయార్క్ డీలర్ దగ్గర 5,95,000 డాలర్లకు కొంది. ఆ డీలర్ కూడా కాగితాలు చూపించారు. అవి అబద్ధమని తేల్చింది, ఆ రాయి అంతకుముందు చందవరంలోనే ఉన్నట్టు చూపించే ఒక పాత ఫోటో. శిల్పం 2016లో మన దేశానికి తిరిగొచ్చింది.